వెచ్చటి ట్యూబు

తిరుపతిలోని ఆ ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ ఇలియాస్‌ది. కిటికీ దగ్గర ట్రేలో రక్తం ట్యూబు ఒకటి కనిపించింది. పసుపు గుడ్డలో చుట్టి ఉంది, తాకితే ఇంకా వెచ్చగా ఉంది. చీటీ మీద పేరు కుముదవల్లి, పుత్తూరు.

ఇలియాస్‌కు ఒళ్లు మండిపోయింది. ఆమెకు పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. రక్తంలో క్యాన్సర్‌ను సూచించే ప్రొటీన్ పెరుగుతోందనీ, జబ్బు తిరగబెట్టేలా ఉందనీ మూడు నెలలుగా ప్రతి రిపోర్టు మీదా ఎర్ర ఇంకుతో గీసి పంపాడు. ఒక్క డాక్టరూ చూడలేదు. పోయిన సోమవారం ఆమె చనిపోయింది. ఇప్పుడు ఆమె చీటీని ఇంకెవరి రక్తానికో అంటించి పంపారు.

వార్డుకు ఫోన్ చేశాడు.

"బతికున్నన్నాళ్లూ ఆయమ్మను పట్టించుకోలేదు. సచ్చినాక ఆమె పేరుతో రక్తం పంపుతారా? సిగ్గుండాల సిస్టర్, మీకు."

అవతల నర్సు గొంతు తగ్గించింది.

"మేము యాడ పంపుతామన్నా? వార్డులో మనుషులు లేరని ఎవురి రక్తం వాళ్లనే తెచ్చి ఆడ పెట్టమంటాము గదా. ఆయమ్మకైతే తోడు కూడా ఎవురూ లేకపోయిరి. ప్రతిసారీ పసుపు గుడ్డలో చుట్టుకోని, తానే తెచ్చేది."

ఇలియాస్ ఫోన్ పెట్టేశాడు. ల్యాబ్‌లో ఫ్రిజ్ రొద తప్ప ఏ చప్పుడూ లేదు.

కిటికీ అవతల, రిపోర్టు కోసం కూర్చునే బెంచీ కిర్రుమంది.