పసుపు బియ్యం ఒట్టు

లలితమ్మ గాజుల దుకాణం మెట్టు మీద ఓ పెద్దాయన కూలబడ్డాడు. ఎండ అలా ఉంది మరి.

లలితమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది.

"ఏ ఊరు అన్నా?"

"భాల్కి చెల్లె. బడిల చరిత్ర చెప్పి రిటైరైన, ఇప్పుడు చిన్న పుస్తకాల దుకాణం నడుపుత. బీదర్ల జర పనుండి వచ్చిన."

ఇంకేదో అడగబోయి, గల్లాపెట్టె మీదున్న దేవుడి పటం దగ్గర చూపు ఆపాడు. అక్కడ కొత్త వెండి కుంకుమ భరిణె, పక్కనే గుప్పెడు పసుపు బియ్యం.

"సంఘం ఎలక్షన్‌దా?"

లలితమ్మ తల దించుకుంది. ఆదివారమే జిల్లా వ్యాపారుల సహకార సంఘం ఎన్నిక. అధ్యక్ష పదవికి నిలబడ్డ దయానంద్ మనుషులు భరిణె ఇచ్చి, చేతిలో పసుపు బియ్యం పోసి ఒట్టు వేయించుకుపోయారు. భర్త పోయాక ఆమె దుకాణం నిలబడింది ఆ సంఘం చలవతోనే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టానని ఆమెకూ తెలుసు.

"అందరు తీసుకున్నరని తీసుకున్న. నాలుగు దినాల సంది ముద్ద దిగుతలేదన్నా."

పెద్దాయన నవ్వాడు.

"ఇది కొత్త రోగం కాదు చెల్లె. రెండువేల ఏండ్ల కింద రోమ్‌ల గూడ గిట్లనే. సుద్ద రాసిన తెల్లబట్టలేసుకొని ఓట్లడిగేటోళ్ళు, దావత్‌లిచ్చేటోళ్ళు. ఆఖరికి కానూన్ తెచ్చిన్రు. ఓట్లు కొన్నోనికి పదేండ్లు దేశబహిష్కారం."

"మరి తీసుకున్నోళ్ళకు?"

"ముద్ద దిగకపోవుడే శిక్ష."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె గుండె కాస్త తేలికపడింది.

"చదువుకున్నోనివి, నువ్వే చెప్పన్నా. గిసొంటి ఒట్టు తప్పొచ్చా? నువ్వు తప్పుమంటే తప్పుత."

పెద్దాయన చెంబులో మిగిలిన నీళ్ళు తాగేశాడు.

"ఆ మాట నేను చెప్పొద్దు చెల్లె. నీ మనసునడుగు."

చెంబు చేతికిచ్చి లేచాడు. ఏ పని మీద వచ్చాడో చెప్పనేలేదు.

ఆదివారం లలితమ్మ ఒట్టుకు భయపడి దయానంద్‌కే ఓటేసింది. పోటీలో ఉన్న రెండో పేరు శంకర్‌రావు. ఎవరో ఏమో, ఓటడగడానికైనా రాని మనిషి అనుకుంది.

సాయంత్రం ఫలితం చదివారు. దయానంద్ గెలిచాడు, ఒక్క ఓటుతో.

చప్పట్లు ఆగాక మైకులో పిలిచారు.

"శంకర్‌రావు సార్ గూడ స్టేజీ మీదికి రావాలె."

వెనక వరసలోంచి, మొన్న ఆమె చేతి నీళ్ళు తాగి ఓటు అడగకుండా వెళ్ళిపోయిన పెద్దాయన లేచి నిలబడ్డాడు.