గుంతకు బిందెడు

అక్కమ్మ కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లిస్తే, కరెంటు పనికి వచ్చిన పుల్లన్న వాటిని గోడ పక్క గుంతలో కుమ్మరించినాడు.

"ఏమప్పా, నీకేమన్నా పిచ్చా? రెండు మైళ్లు నడిచి తెచ్చిన నీళ్లవి!"

"ఎర్తు గుంతక్కా ఇది. బయటి దీపానికి గోడకు ఇనుప గొట్టం బిగించినా. ఎప్పుడన్నా గొట్టానికి కరెంటు పాకితే ఈ గుంతే భూమిలోకి లాక్కోవాల. తడి లేకుంటే లాగదు. ఎండాకాలం దినామూ బిందెడు పొయ్యాల."

"ఈడ తాగేదానికే లేవు. సరే, పోస్తాలే. దీపం ఎలిగిచ్చి పో."

పుల్లన్న పోలేదు. పనికోసమని బోర్డులో నుంచి పీకిన ఫ్యూజు జేబులోనే పెట్టుకుని గుంత చుట్టూ తిరిగినాడు. వంగి మన్ను ముట్టి చూసినాడు. లేచి మళ్లీ తిరిగినాడు.

"ఊరికే అనొద్దక్కా. మాటియ్యి."

"ఏమప్పా నీ పోరు! మీ ఇంట్లో పోస్తాండారా దినామూ?"

పుల్లన్న నిలబడిపోయినాడు.

"మా ఇంటామె పోస్తాండె. పోయిన ఎండాకాలం మూడు దినాలు ఆ బిందె నేను తానానికి ఎత్తుకుంటి. నాలుగో దినం తడిచీర ఆరేస్తా మా గోడకుండే ఇట్లాంటి గొట్టమే పట్టుకునింది. అంతే."

అక్కమ్మ లోపలికి పోయి, తాగే కడవలో నుంచి ఇంకో చెంబుడు ముంచుకుని వచ్చింది.

"ఆ గుంత మీద నిలబడి కడుక్కో నాయనా. నీ కాళ్లూ కడిగినట్టుంటాది, గుంతా తడుస్తాది."

పుల్లన్న చెంబు అందుకోలేదు. గుంత పక్కన కూసున్నాడు.

"ఆ మూడు దినాలూ నాకీ మాట తోచలేదు కదక్కా."