ఫినాయిల్ నీళ్లు

నా భార్య హేమ్లి చనిపోయిన పదో రోజున మా గోబర్ గ్యాస్ పొయ్యి ఆరిపోయింది. నాలుగేళ్ల మా పాప మోతీకి పాలు కాచబోతే ఎన్ని అగ్గిపుల్లలు గీసినా అంటుకోలేదు.

"తొట్లె ఏం బోసినవ్ సారూ?" అంది మా అత్త ద్వాలి. నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఆమె నన్ను అల్లుడని పిలవలేదు.

"పేడ, నీళ్లు సమానంగా. పారతో ఎత్తి పోశాను. పుస్తకంలో అట్లాగే ఉంది."

"పుస్తకానికి ముక్కు లేదు గద." ఆమె పేడ కలిపే తొట్టి మీదికి వంగింది. "ఇదేంది, దవాఖానా వాసనొస్తుంది?"

"మైల పోవాలని మూడోనాడు కొట్టం ఫినాయిల్‌తో కడిగాను. ఆ నీళ్లు ఇందులోకే వచ్చాయి."

"మంచిగ సదివినవ్! పేడల పురుగు బతికితేనే గ్యాసొస్తది. దాన్ని సంపినవ్. నా బిడ్డ ఏనాడన్న ఒక్క చుక్క పోసిందా?"

పోయలేదు. నేను తెచ్చిన సీసాలన్నీ చూరులో దోపేసేది. తండా మనిషి, శుభ్రం తెలియదని స్టాఫ్ రూములో చెప్పి నవ్వేవాణ్ణి. నేను పుట్టిందీ ఆ తండాలోనే. ఎందుకు పోయవని ఆమెను ఒక్కసారీ అడగలేదు.

"ఇప్పుడేం చేయాలి?"

"గ్యాసు గుంతంత తోడి పారబొయ్యాలె. కొత్త పేడ చేతులతోని పిసికి కలపాలె. నీతోని అయితదా? నెల దినాలు చూస్త. పొయ్యి ఎలగకుంటే పిల్లను నాతోని తోల్కపోత."

ఆమె ఆ గడువు పెట్టి ఈ రోజుకు ఇరవై రోజులు. గుంత తోడాను. పేడలో ఇంకా చెయ్యి పెట్టలేదు.