మనిషి పాఠం చెప్పే చోటు

వేలిముద్ర వేయాలి, నీడకు గొంతు అరువివ్వాలి, ఆ నీడ చేరే విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవాలి. విదేశాల్లో మాస్టర్స్ అంటే ఇప్పుడు ఇంతే. క్లాసుకు వెళ్ళేది, పరీక్ష రాసేది మనిషికి నకలుగా కంప్యూటరు తయారుచేసిన నీడ, పట్టా పుచ్చుకుని మీసం మెలేసేది మనిషి.

ఇంటికల్లా మొదటి డిగ్రీ తెచ్చుకున్న నూకరత్నానికి నిజంగా నేర్చుకోవాలని ఉంది.

“మనుషులు పాఠం చెప్పే చోటు ఎక్కడా లేదేటి సార్?” అని అనకాపల్లి కన్సల్టెన్సీలో అడిగింది.

“ఒక్కటుందమ్మా, ఎస్టోనియాలో. లైడా అని ఓ ముసలావిడ చెప్తాది. ఆ కాలేజీకి ర్యాంకూ లేదు, మనోళ్ళూ లేరు. పైగా ఫెయిల్ చేస్తాదట!” కన్సల్టెంటు పగలబడి నవ్వాడు.

“మీ నీడలెప్పుడైనా ఫెయిలయ్యాయా?”

“ఛ! ఒక్కటీ లేదు.”

“మరింకేటి నేర్చుకున్నట్టు? నన్నక్కడికే పంపండి.”

ఎస్టోనియా వెళ్ళాక మొదటి పరీక్షలోనే నూకరత్నం ఫెయిలైంది. ఎక్కడ తప్పిందో లైడా ఆమె పక్కన కూర్చుని చెప్పింది. పట్టాలున్న పెద్దమనుషులారా, ఆ లైడా పంతులమ్మను కాస్త గుర్తుంచుకోండి.