ఖాళీ డిస్కు

తమ్ముడు తలుపు తీసేసరికి గుమ్మంలో ఒకాయన. యాభై దాటినట్టున్నాడు. భుజాన గుడ్డసంచి.

"అక్కగారు రమ్మన్నారండీ. మీ వీడియోల పెట్టెలో ఫ్యాన్ మోత పెడుతోందట, దుమ్ము దులిపి పెట్టమన్నారు."

తమ్ముడికి నవ్వొచ్చింది. ఆఫీసులో బీరువాలంత స్టోరేజీ యంత్రాలను ఆరేళ్లుగా చూసుకుంటున్నవాడు ఇంట్లో ఉండగా, ఇంత చిన్న పెట్టెకు బయటి మనిషా!

అక్కకు ఫోన్ చేశాడు. తీయలేదు. ఆమె నర్సు. ఆపరేషన్ థియేటర్లోకి ఫోన్ తీసుకెళ్లదు.

"సరే రండి. త్వరగా కానివ్వండి, నాకూ దాంతో పనుంది."

పెట్టె టీవీ పక్కనే ఉంది. లోపల రెండు డిస్కులు. ఒకదాంట్లో ఏముందో, అద్దంలోలా రెండోదాంట్లోనూ అదే.

బావ పోయి మూడేళ్లు. ఆయన తీసిన ఫోటోలు, మాట్లాడిన వీడియోలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఐదేళ్ల పాపకు తండ్రి గొంతు తెలిసింది ఆ పెట్టెవల్లే. రోజూ ఒక వీడియో చూడందే నిద్రపోదు.

తమ్ముణ్ణి చదివించింది కూడా ఆ బావే.

ఇప్పుడు పెట్టె నిండిపోయింది. రెండు డిస్కుల్నీ ఒకటిగా కలిపేస్తే చోటు రెట్టింపవుతుంది. ఈ ఆదివారం చేసిపెడతానని తమ్ముడు అక్కకు మాటిచ్చాడు.

ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న పేజీ చూసి ఆయన చేతిలో బ్రష్ ఆగింది.

"రెయిడ్... అదే, డిస్కుల అమరిక మారుస్తున్నారా సార్?"

"ఆ. మిర్రర్ తీసేసి కలిపేస్తున్నా. ఏం?"

"బయట ఎక్కడైనా కాపీ ఉందాండీ?"

"రెండు డిస్కులున్నాయిగా. అదే కాపీ."

"అద్దం కాపీ ఎలా అవుతుంది సార్? ముఖాన గాటు పడితే అద్దంలోనూ పడుతుంది. అక్కగారు వచ్చేదాకా ఆగండి."

"తాతకు దగ్గులు నేర్పకండి. రోజుకు నాలుగు మారుస్తాను ఇలాంటివి."

ఆయన నవ్వబోయి ఆగాడు. "తెలుసండీ," అన్నాడు.

స్క్రూడ్రైవర్ కోసం ఆయన సంచి తెరిచాడు. లోపల కొత్త హార్డ్ డిస్కు మెరిసింది.

"అదేంటి?"

ఆయన గబుక్కున సంచి మూయబోయాడు.

"దుమ్ము దులపడానికొచ్చినవాడికి డిస్కెందుకయ్యా?"

ఆయన డిస్కు బయటికి తీసి చూపించాడు.

"నాదేనండీ. ఖాళీది."

"ఖాళీదే! మా ఇంటి వీడియోలు నింపుకుపోవడానికేగా!"

ఎదురింటావిడ తలుపు తీసి చూసింది. ఆవిడ చూస్తోందని తమ్ముడు ఇంకాస్త రెచ్చిపోయాడు. సంచి లాక్కుని గుమ్మం బయట బోర్లించాడు. జేబులు కూడా చూపించమన్నాడు.

ఆయన చూపించాడు. కిందపడ్డవి ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

"ఎర్రక్షరాలు వస్తాయి. ఒక్కసారి చదవండి బాబూ," అని మెట్లు దిగిపోయాడు.

తమ్ముడు లోపలికొచ్చి మీట నొక్కాడు. హెచ్చరిక చెప్పే ఎర్రక్షరాలు రానే వచ్చాయి.

ఆఫీసులోనూ రోజూ వచ్చేవే. అతనెప్పుడూ చదవలేదు. చదవాల్సిన అవసరం రాలేదు. పని తన బల్ల మీదికి వచ్చేసరికే 'కాపీ తీయడమైనది' అని సంతకం పెట్టిన చీటీ ఉండేది. ఆ కాపీలు తీసేదెవరో ఎప్పుడూ అడగలేదు. కింది అంతస్తులో ఎవరో.

'మొత్తం శుభ్రంగా తుడవాలా?' అని కూడా అడిగింది పెట్టె.

'సరే' నొక్కాడు.

సాయంత్రానికి చోటు రెట్టింపయింది. అంతా ఖాళీయే.

తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు. ఒక్క ఫోటో వెనక్కి రాలేదు.

పక్కింట్లో ఆడుకుంటున్న పాప వచ్చి రిమోట్ నొక్కింది. మళ్లీ నొక్కింది.

"మామయ్యా, నాన్న రావట్లేదు."

అప్పుడే అక్క వచ్చింది.

"ఆయన వచ్చి వెళ్లారా?"

"పంపేశానక్కా." ఖాళీ తెర ఆమెవైపు తిప్పాడు. "అన్నీ పోయాయక్కా. చెరిపేశాను."

అక్క చెప్పులు విప్పబోతున్నదల్లా ఆగింది.

"పోతే పోయాయిలే. ఆయన కాపీ తీశారుగా?"

"ఏం కాపీ?"

"నువ్వు మొదలుపెట్టేలోపు బావవన్నీ ఇంకో డిస్కులోకి తీసిపెట్టమనే కదరా పిలిచింది! నీమీద నమ్మకం లేదనుకుని చిన్నబుచ్చుకుంటావని దుమ్ము సాకు చెప్పమన్నాను. ఏమైనా సరే అసలు సంగతి నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

తమ్ముడు గుమ్మంవైపు చూశాడు. గడప పక్కన చిన్న స్క్రూ ఒకటి, ఏరుకోకుండా మిగిలిపోయింది.

"ఎవరక్కా ఆయన?"

అక్క పాప చేతిలోంచి రిమోట్ మెల్లగా తీసుకుంది.

"నాతో పనిచేసే నర్సు వాళ్లాయన. మీ ఆఫీసే కదరా... ఆరేళ్లుగా నువ్వు మీట నొక్కే ప్రతి యంత్రానికీ ముందురోజు కాపీ తీసి పెట్టేది ఆయనేనట."