ఎర్రమూత, నీలంమూత

"అక్కడే ఆగు! చెప్పులతో లోపలికి రాకు, పావురాలు బెదురుతాయి," అంది కాలేజీ ల్యాబులో పరిశోధన చేసే అమ్మాయి.

గుమ్మంలో పెద్దావిడ చెప్పులు విడిచింది. చేతిలో రెండు డబ్బాలు. ఒకటి ఎర్రమూత, ఒకటి నీలంమూత.

"ఎవరు నువ్వు?"

"మీ సారుకి వండిపెట్టేదాన్ని."

వంటావిడ అన్నమాట, అనుకుంది అమ్మాయి. తను అక్కడ కొత్తగా చేరింది.

సారు క్లాసులో ఉన్నారు. పెద్దావిడ డబ్బాలు బల్ల మీద పెట్టి పంజరం వైపు చూసింది.

పంజరానికి రెండు తలుపులు. ఒకదాని వెనక ఒకటే బటన్. రెండోదాని వెనక రెండు. ముక్కుతో ఏది పొడిచినా అవే గింజలు, అన్నే గింజలు.

పావురం టకటకా నడిచి రెండు బటన్ల గదిలో దూరింది.

"ఎప్పుడూ అటేనా?"

"దాదాపు. దక్కేది ఒకటే అయినా, ఎంచుకునే వీలుండాలి దానికి. సారు ఏళ్ళ తరబడి దీనిమీదే పని చేస్తున్నారు."

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నీకేం అర్థమైందని ఆ నవ్వు?"

"ఏం లేదులేమ్మా. డబ్బాలు రెండూ సారు ముందు పెట్టు. ఒకటి ఆయన తీసుకుంటారు. మిగిలింది నువ్వు తిను."

ఆవిడ వెళ్ళాక అమ్మాయి మూతలు తీసి చూస్తే రెండింట్లోనూ అదే అన్నం, అదే కూర.

రోజూ అదే వరస. సారు రెండు మూతలూ తట్టి, గడ్డం గోక్కుని, "ఇవాళ నీలం," అనేవారు, రాజ్యం గెలిచినట్టు.

ఒకరోజు పెద్దావిడ గోడ పట్టుకుని వచ్చింది.

"ఇక నేను రాలేనేమోనమ్మా. క్యాంటీన్ నుంచి ఏం తెచ్చినా రెండుగా చేసి పెట్టు. ఒకటే పెడితే ముట్టరు. మొండిఘటం."

"నేనేమైనా నీలా వంటమనిషినా? ఆయనేం పసిపిల్లాడా? ఆకలేస్తే ఆయనే తింటారు."

"అంతేలే," అని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి సారూ రాలేదు. సెలవన్నారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మనిషిది ముందునుంచీ అదే తీరు.

తిరిగొచ్చేసరికి ఒంటి మీద చొక్కా వేలాడుతోంది. క్యాంటీన్ పళ్ళెం పెట్టింది పెట్టినట్టే వెనక్కి పోయేది. ఒక మధ్యాహ్నం మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడ్డారు.

అమ్మాయికి భయం వేసింది. పళ్ళెంలోది రెండు గిన్నెల్లోకి సర్ది ఆయన ముందు పెట్టింది.

సారు చెయ్యి గాల్లో ఆగింది. అటు చూసి, ఇటు చూసి, ఎడమ గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీ వంటావిడే సార్. రెండూ ఒకటేనని మీకు తెలీదేమో..."

"మొదటిరోజే తెలుసు. తెలిసినా చెయ్యి ఊరుకునేది కాదు. ఎందుకా అని తేల్చుకోడానికే పావురాల్ని తెచ్చాను."

ఒక ముద్ద మింగారు. ఇంకొకటి కలిపారు.

"ఆవిడ ఎక్కడుంటారు సార్? నేనే వెళ్ళి బతిమాలి తీసుకొస్తాను."

"పోయింది," అన్నారు సారు. "వంటావిడ కాదమ్మాయ్, నా భార్య. పెళ్ళైన కొత్తలో నేను అలిగి అన్నం మానేస్తే, రెండు డబ్బాలు పెట్టి ఆవిడ దారికి తెచ్చుకున్న మొదటి పావురాన్ని నేనే."