కవర్ కింద బైక్

అపార్ట్‌మెంట్ మేనేజర్ డెబ్రా మళ్లీ తలుపు తట్టింది.

"సారీ మీనా. మీ బైక్ మీద ఇంకో కంప్లైంట్ వచ్చింది," అంది బూట్ల మీద మంచు దులుపుకుంటూ. "ఈసారి పెట్రోల్ వాసనట."

మీనాకి ఒళ్లు మండింది. "ఎవరు చేస్తున్నారు?"

"పేరు చెప్పకూడదు. కంప్లైంట్ వస్తే వచ్చి చెప్పడం నా డ్యూటీ. ఇలాగే సాగితే బండి ఇక్కడ పెట్టనివ్వడం కష్టం."

భాస్కర్ సోఫాలోంచి లేచి, "మేం చూసుకుంటాం లెండి" అని ఆవిడని పంపించేశాడు.

ఆ బైక్ మీనా కొన్నదే. భాస్కర్ యాభయ్యో పుట్టినరోజుకి. పెళ్లైన కొత్తలో అనేవాడు, ఎప్పటికైనా పెద్ద బండి మీద ఊళ్లన్నీ తిరగాలని. ఉద్యోగం, వీసా, పిల్ల చదువు, వీటన్నిటి మధ్యా ఆ మాట మరుగున పడింది. మీనా మాత్రం మర్చిపోలేదు. వేసవిలో తాళంచెవి చేతిలో పెడితే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. లైసెన్స్ తెచ్చుకుని ఆకులు రాలేదాకా నడిపాడు. ఓసారి తడి ఆకుల మీద జారి పడ్డాడు. మోచెయ్యి గీసుకుంది, అంతే అన్నాడు.

వాళ్లుండే ఫార్మింగ్టన్ హిల్స్ ఊరి చలికి బండిని ఆరుబయట ఉంచడం మాటలు కాదు. వాళ్లకి గరాజ్ లేదు. మీనా వీడియోలు చూసి అన్నీ తనే చేసింది. ట్యాంక్ నిండా పెట్రోల్ పోయించి, పాడవకుండా మందు కలిపింది. బ్యాటరీ విప్పి లోపల ఛార్జింగ్‌కి పెట్టింది. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ మూతిలో స్టీలు పీచు కుక్కింది. స్టాండ్ కింద చెక్క వేసి, పైన మందపాటి కవర్ కప్పింది.

కవర్ గాలికి టపటపలాడుతోందని మొదటి కంప్లైంట్. మీనా తాళ్లు బిగించింది. తర్వాత, నడిచే దారికి అడ్డమని. ఇద్దరూ కలిసి మూలకి తోశారు. ఇప్పుడు వాసన!

టపటప వినబడిందంటే పక్కవాళ్లే అయ్యుండాలి. పక్క ఫ్లాట్‌లో దమయంతి గారు. కూతురి దగ్గర కొన్నాళ్లుందామని కాకినాడ నుంచి వచ్చిన పెద్దావిడ. పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఆ మధ్య లాండ్రీ రూమ్‌లో, "ఈ వయసులో మీ ఆయనకి మోటార్‌సైకిల్ ఎందుకమ్మా?" అని కూడా అంది.

"ఆవిడే," అంది మీనా.

"ఛ! పెద్దావిడ, ఆవిడకేం పని?"

"మీకు అందరూ మంచివాళ్లే."

అప్పట్నుంచి మీనా కర్టెన్ చాటున కాపు కాసింది. ఓ ఉదయం దమయంతి గారు శాలువా కప్పుకుని బైక్ దగ్గరికి వచ్చారు. చుట్టూ చూసి, కవర్ మీద చెయ్యి వేశారు.

మీనా కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. "ఏం చేస్తున్నారాంటీ?"

"మంచు బరువుకి కవర్ చిరిగేలా ఉందమ్మా. దులుపుతున్నా."

"దులపక్కర్లేదు. డెబ్రాకి ఫోన్లు చేయడం మానండి, చాలు."

పెద్దావిడ మొహం పాలిపోయింది. "ఆవిడతో మాట్లాడ్డానికి నాకు ఇంగ్లీషెక్కడొచ్చమ్మా?"

"మీ అమ్మాయికి వచ్చుగా!"

దమయంతి గారు శాలువా బిగించుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆరోజు నుంచి ఆ కిటికీ బ్లైండ్స్ తెరుచుకోలేదు.

అయినా కంప్లైంట్లు ఆగలేదు. కింద నూనె మరకట.

"ఎందుకొచ్చిన గొడవ మీనా. అమ్మేద్దాం," అన్నాడు భాస్కర్.

"మీరు అన్నేళ్లు కలగన్న బండండీ!"

"తీరిందిగా కల. చాలు."

అతను ఆ మాట మీనా వైపు చూడకుండానే అన్నాడు.

శనివారం ఒకతను వచ్చి బైక్‌ని ట్రైలర్ మీదకెక్కించాడు. అది మలుపు తిరిగేదాకా భాస్కర్ నిలబడి చూశాడు. గట్టిగా ఊపిరి వదిలాడు. మీనా అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

సోమవారం కూడా ఆ కోపం చల్లారలేదు. బండే పోయాక పేరు చెప్పడానికి డెబ్రాకి ఏం అడ్డం? అడిగి తీరాలనుకుంటూ మేనేజర్ ఆఫీస్‌కి నడిచింది.

బయట భాస్కర్ కారు ఉంది. పనికి వెళ్తున్నానని ఇంట్లోంచి ఎప్పుడో బయల్దేరిన మనిషి. మీనా ఆగింది. ఓరగా తెరిచి ఉన్న తలుపులోంచి డెబ్రా గొంతు వినిపించింది.

"మీ బైక్ మీద మీరే కంప్లైంట్లు చేసి నన్ను మీ ఇంటి చుట్టూ తిప్పే బదులు, బండెక్కాలంటే భయమేస్తోందని మీ ఆవిడకే ఒక్క మాట చెప్పాల్సింది భాస్కర్!"